ఫైరింజనుకు వాడ ఎంత దూరం?

శంకర్‌పల్లి మండలం కొండకల్‌లో 2023 జూన్‌లో ప్రైవేటు రైలు కోచ్‌ల కర్మాగారం ప్రారంభమైంది. చేవెళ్ల, మొయినాబాద్ 2025లో మున్సిపాలిటీలయ్యాయి. 111 జీవో ఆంక్షలు ఎత్తివేస్తామన్న 2022 ఉత్తర్వు తరువాత ఈ ప్రాంతంలో భూముల ధరలు, విల్లాల గురించి మాట్లాడని రోజు లేదు. కానీ ఇక్కడ నిప్పంటుకుంటే బయలుదేరే ఫైరింజనులో ఎందరుంటారు, అది ఎవరి గడప దాకా వస్తుంది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

అగ్నిమాపక సిబ్బంది సంఖ్య పరిపాలనకు సంబంధించిన విషయం కదా, ఇందులో కులం ఎక్కడిదని కొందరు అడగవచ్చు. మంటకు కులం లేని మాట నిజమే. అయితే మంట అంటుకునే ఇంటికి, ఆ ఇంటికి పోయే దారికి, ఆర్పడానికి అందే నీటికి మన ఊళ్లలో కులం ఉన్నది. ఊరికి దూరంగా విసిరేసిన వాడ, పట్టణం పెరిగాక కూడా ఇరుకు సందులతోనే మిగిలింది. నిప్పు కుల పెత్తనానికి ఆయుధం కూడా అయింది. 1968 డిసెంబరు 25న తమిళనాడులోని కీళ్వెణ్మణిలో 44 మంది దళితులను గుడిసెలో సజీవంగా దహనం చేశారు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం (1989) వారి నివాసాలను నిప్పుతో ధ్వంసం చేయడాన్ని యావజ్జీవ శిక్షకు తగిన నేరంగా గుర్తించింది. తగలబెట్టినవాడిని శిక్షించే చట్టం ఉన్న దేశంలో, తగలబడుతున్న ఇంటికి సకాలంలో చేరే ఏర్పాటు కూడా హక్కుగానే ఉండాలి కదా!

సిబ్బంది సరిపోతున్నారా అన్నది తేల్చడానికి ఒక చిన్న లెక్క చాలు. ఒక వాహనానికి డ్రైవరు, లీడింగ్ ఫైర్‌మన్, నలుగురు ఫైర్‌మన్‌లు, మొత్తం ఆరుగురు కావాలి. ఎనిమిది గంటల చొప్పున మూడు విడతలకు 18 మంది. వారపు సెలవులు, అనారోగ్యం, శిక్షణ కలిపితే 23 మందికి తగ్గదు. సగం మందే ఉన్నా కేంద్రం మూతపడదు; ముగ్గురితోనో నలుగురితోనో బండి బయలుదేరుతుంది. ఒకరు పంపు దగ్గర నిలబడి, ఇద్దరు గొట్టం పట్టుకుంటే లోపలి మనుషులను బయటకు తెచ్చేదెవరు? విశాలమైన రోడ్డు పక్కనున్న విల్లా ముందు ఈ కొరత కొంతవరకు కప్పిపుచ్చుకోవచ్చు. బండి దూరలేని సందులో గొట్టాలను భుజాన మోసుకుపోవలసిన చోట అది ప్రాణాంతకం.

సిబ్బంది పని మంటలార్పడంతో ముగియదు. తనిఖీలూ వారి బాధ్యతే. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలోని తుక్కు గోదాములో పైఅంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బిహార్ వలస కూలీలు మంటలకు బలయ్యారు. అది మారుమూల పల్లె కాదు, నగరం నడిబొడ్డు. ముందుగా తనిఖీ చేసే మనిషి లేకపోతే తరువాత ఎన్ని బండ్లు వచ్చినా మిగిలేది శవాల లెక్కే.

ప్రభుత్వాలు సాధారణంగా మంజూరైన పోస్టుల్లో ఎన్ని ఖాళీలున్నాయో చెప్పి సరిపెడతాయి. అసలు మోసం అక్కడే ఉన్నది. నిర్దేశిత ప్రమాణాలతో పోల్చి కేంద్రం 2011 ప్రాంతంలో చేయించిన అధ్యయనంలో దేశవ్యాప్తంగా అగ్నిమాపక కేంద్రాల్లో 97 శాతం, సిబ్బందిలో 96 శాతం కొరత తేలింది. మంజూరే అరకొరగా ఉన్నప్పుడు ఖాళీలన్నీ నింపినా కొరత తీరదు. పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం 5,000 కోట్ల రూపాయల ఆధునికీకరణ పథకం తెచ్చింది. కానీ కొత్త వాహనం తనంతట తాను మంట ఆర్పదు.

ఈ ప్రశ్నకు మరో పార్శ్వం ఉద్యోగం. ప్రతి ఖాళీ పోస్టు వెనుక రోస్టరులో ఆగిపోయిన ఒక దళిత, ఆదివాసీ, బీసీ యువకుడో యువతో ఉంటారు. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణను అమలులోకి తెచ్చింది. మొదటి గ్రూపుకు 1, రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5 శాతం కేటాయించింది. నియామకమే జరగకపోతే ఈ శాతాలు కాగితం మీద అంకెలు. ఖాళీలను పొరుగు సేవలతో నెట్టుకొస్తే రోస్టరుకు విలువ ఉండదు, పొగలోకి దూరే మనిషికి ఉద్యోగ భద్రతా ఉండదు. ఒకే ఖాళీ ఒకే వాడను రెండుసార్లు దెబ్బ తీస్తున్నది: అక్కడి ఇల్లు కాలిపోతుంది, అక్కడి బిడ్డకు కొలువు దొరకదు.

అందువల్ల చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి పట్టణాల్లో సిబ్బంది అంచనాను జనాభా సగటుతో కాక, అత్యంత దూరాన ఉన్న ఎస్సీ, ఎస్టీ వాడకు చేరే సమయంతో కొలవాలి. విడతల వారీగా ఎందరు విధుల్లో ఉన్నారో ప్రతి కేంద్రం ముందు బోర్డు పెట్టాలి. ఖాళీలను రెగ్యులర్ నియామకాలతోనే నింపాలి. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం (2017) కింద వాడల్లోని దారులు బండి పట్టేంత వెడల్పు కావాలి. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు అగ్నిమాపక సేవలను మున్సిపాలిటీలకు అప్పగించదగిన విధుల్లో చేర్చింది కనుక, కొత్త పురపాలికల ఎన్నికల్లో ఓటు అడిగే ప్రతి అభ్యర్థినీ యువత ఒకే ప్రశ్న అడగాలి: మా వాడకు ఫైరింజను ఎన్ని నిమిషాల్లో వస్తుంది, అందులో ఎందరుంటారు?