గాలం వేసే ముందు

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దుల్లో చేపల వేటకు అనువైన తావులను బొమ్మలతో చూపే పర్యాటక బ్రోచర్ కావాలన్న కోరిక మంచిదే. అయితే ఏ మడుగు చూపాలన్నదానికన్నా ఏది చూపకూడదన్నదే ముందు తేలాలి. కిన్నెరసాని జలాశయం ఫొటోకు ఎంత అందమో, గాలానికి అంత తగనిది: అది అభయారణ్యం, పైగా మొసళ్ల నెలవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ అనుమతి లేని ప్రవేశాన్నే ఒప్పుకోదు. పాలేరు, వైరా జలాశయాల సంగతి వేరు. అక్కడి చేప మత్స్యకార కుటుంబాల కూడు, వచ్చిపోయేవారి సరదా దాని తర్వాతే. ఏజెన్సీ చెరువులకు వస్తే, చిన్న నీటివనరుల నిర్వహణను షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి పెసా చట్టం పంచాయతీలకే అప్పగించింది. ఊరిని అడగకుండా మ్యాపులో చుక్క పెట్టడం పెత్తనమే అవుతుంది. ఇక వానాకాలం: రాష్ట్ర చేప కొర్రమీను అప్పుడే గుడ్లు పెట్టి పిల్లల గుంపుకు కాపలా కాస్తుంది; ఆ వేళ కాపలా చేపను పట్టేస్తే పిల్లలన్నీ పెద్ద చేపల పాలే. కనుక ముసాయిదా అచ్చుకు పోకముందే అటవీ, మత్స్య శాఖలతో పాటు మత్స్యకార సంఘాల ముందుకూ, గ్రామసభల ముందుకూ వెళ్లాలి. వేట మానాల్సిన నెలలు చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో కాక, ప్రతి బొమ్మ కిందా కనిపించాలి.