బాయి పాటకు ఒక పూర్తి ఆల్బం కావాలి

అమెరికన్ గాయని ప్యాటీ లవ్‌లెస్ 2001లో ‘మౌంటెన్ సోల్’ ఆల్బం తెచ్చేనాటికి ఆమె కొత్తగా నిరూపించుకోవాల్సింది ఏమీ లేదు. కంట్రీ సంగీతంలో ముందు వరుస గాయని. 1996లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గాయని అవార్డు ఇచ్చింది. అలాంటి మనిషి అలవాటైన హంగులన్నీ పక్కన పెట్టి, ఫిడేలు, మాండొలిన్, బాంజోల నడుమ నిలబడి బ్లూగ్రాస్ అనే సంగీత శైలిలో పాడింది. ఎందుకు పాడిందో ఆమె పుట్టుకను చూస్తే తెలుస్తుంది. కెంటకీ కొండల్లోని పైక్‌విల్ ఆమెది. తండ్రి బొగ్గు బాయి కార్మికుడు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులను పట్టేస్తే, వైద్యం కోసం ఇంటిల్లిపాదీ ఊరు విడిచి లూయివిల్ పోయారు. 1979లో ఆయన చనిపోయాడు. ఆ ఆల్బంలో హార్లన్ అనే బొగ్గు ప్రాంతం మీద డారెల్ స్కాట్ రాసిన పాట ఒకటి ఉంది. కొండ కింద బొగ్గు ఉందని బయటివాడెవడో నోట్లు పట్టుకుని వస్తాడు. ఒక కుటుంబం చవగ్గా అమ్ముకుని వెళ్లిపోతుంది. పోయిన చోట సాగు కలిసిరాక, ఇంటి పెద్ద తిరిగొచ్చి ఆ బొగ్గే తవ్వుతాడు. తెలంగాణలోని సింగరేణి బొగ్గు ప్రాంతమైన గోలేటిలో, కైరిగూడ ఓపెన్‌కాస్టు చుట్టుపక్కల, ఈ కథను ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

మన కోల్‌బెల్టుకూ అలాంటి ఒక పూర్తి ఆల్బం కావాలన్నది నా వాదన. గొంతుకు కొదవ లేదు. మధుప్రియ పుట్టింది గోదావరిఖనిలో. చిన్నప్పుడే ‘ఆడపిల్లనమ్మా’తో ఊరూరా తెలిసిన గొంతు, 2017లో ‘ఫిదా’లో ‘వచ్చిండే’, 2025లో ‘సంక్రాంతికి వస్తున్నాం’లో ‘గోదారి గట్టు’ పాడింది. సరుకుకూ కొదవ లేదు. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి బాయి పనికి వచ్చినవాళ్ల వెంట ఒగ్గుడోలు వచ్చింది, బతుకమ్మ పాట వచ్చింది. 1981లో సింగరేణి కార్మిక సమాఖ్య (సికాస) పుట్టి 56 రోజుల సమ్మె నడిచిన కాలంలో పాట కరపత్రం చేసే పని చేసింది. ఇక ఆసిఫాబాద్ జిల్లా గోండు గూడేల్లో పర్ధాన్లు కమానుతో వాయించే కిక్రి ఉంది. బాయి తవ్వకముందు నుంచీ ఈ నేల మీద ఉన్న వాద్యం అది. ఇవన్నీ ఒకే ప్రాంతంలో ఉన్నాయి, ఒకే రికార్డులో మాత్రం ఇప్పటికీ కలవలేదు.

‘సినిమాలు జానపదాన్ని వాడుకుంటూనే ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?’ అంటారు. వాడుకుంటున్న తీరులోనే చిక్కుంది. 2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట మొదట్లో దర్శనం మొగిలయ్య కిన్నెర పలికింది. కాసేపటికే డ్రమ్ములు అందుకుని పాటను లాక్కుపోయాయి. పన్నెండు మెట్ల కిన్నెర మీద గంటల కొద్దీ వీరుల కథలు చెప్పగల మనిషి ఆ పాటకు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న దృశ్యాలు వార్తల్లోకెక్కాయి. పేరొచ్చింది గాని పని దొరకలేదు. ఆల్బంలో అయితే వాద్యగాడు మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఉండాలి. బ్లూగ్రాస్ పద్ధతి ఇక్కడే నాకు నచ్చుతుంది. డ్రమ్ము ఉండదు; ఆ పని మాండొలిన్ తీగల మీద పడే పొడి దెబ్బ చేస్తుంది. చరణానికీ చరణానికీ మధ్య ఒక్కొక్క వాద్యం వంతులవారీగా ముందుకొచ్చి తన మాట చెప్పి వెనక్కి తగ్గుతుంది. గాయని ఎంత పెద్దదైనా ఆ వంతులకు చోటివ్వాల్సిందే.

అంత నెమ్మదిగా సాగే పాట ఈ రోజుల్లో ఎవరు వింటారన్నది ఇంకో అభ్యంతరం. 2023లో ‘బలగం’ సినిమా చివర కొమురమ్మ, మొగిలయ్య (ఈయన కిన్నెర మొగిలయ్య కాదు) దంపతులు పాడినప్పుడు ఊళ్లకు ఊళ్లు కూర్చుని విన్నాయి. తెర కట్టించుకుని మరీ ఏడ్చాయి. వినేవాళ్లు లేరనే మాట అక్కడే వీగిపోయింది. యూట్యూబ్ నిండా జానపదాలేనన్నదీ నిజమే. వాటిలో చాలా పాటల కింద అదే కీబోర్డు, అదే ప్యాడ్ దరువు. పల్లవి మారుతుంది, పాట మారదు.

బరువైన ప్రశ్న వేరే ఉంది. ఒగ్గు కథ కురుమలది, కిన్నెర డక్కలివాళ్లది, కిక్రి పర్ధాన్లది. వీళ్లు కాపాడుకున్న విద్యను పేరున్న గాయని ఎత్తుకుపోతే అన్యాయం కాదా? తప్పకుండా అన్యాయమే, ఎత్తుకుపోతే. అందుకే వాద్యగాళ్ల పేర్లు అట్ట మీద గాయని పేరు పక్కనే ఉండాలి, రాబడిలో వాటా కాగితం మీద ఉండాలి. డాలీ పార్టన్ 1999లో ‘ది గ్రాస్ ఈజ్ బ్లూ’ చేసినప్పుడు జెర్రీ డగ్లస్, సామ్ బుష్ లాంటి ఆ విద్యలో ఆరితేరినవాళ్లను కూర్చోబెట్టుకుని పాడింది. ఆ ఆల్బం గ్రామీ గెలిచింది. ఇలా కలిపితే సంప్రదాయం చెడుతుందన్న భయం నాకు లేదు. బ్లూగ్రాసే పెద్ద పాతది కాదు. 1940ల్లో బిల్ మన్రో బృందంలో రూపు దిద్దుకుంది. అందులో బాంజో ఆఫ్రికా బానిసలతో వచ్చింది, ఫిడేలు బాణీలు స్కాట్లండ్, ఐర్లండ్ వలసలతో వచ్చాయి. ఆ బాంజోకు కొత్త వేగం నేర్పిన ఎర్ల్ స్క్రగ్స్ బట్టల మిల్లులో పనిచేసినవాడు. బానిసలుగా తెచ్చినవాళ్లూ, పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లూ కలిసి దాన్ని కట్టారు.

ఆలస్యం చేయడానికి వీల్లేదు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దగ్గరికి దిగింది. భూగర్భ బాయిలు మూతపడి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తరం పింఛను మీద ఉంది, వాళ్ల నోట పాట ఇంకా ఉంది. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ, సింగరేణి యాజమాన్యం ముందుగా చేయాల్సింది కార్మిక వాడల్లో ఆ పాటలను పాడినవాళ్ల పేర్లతో సహా రికార్డు చేయించడం. గాయనిని పిలవడం ఆ తర్వాతి పని.