పాతనగరమున పెంపుడు బిడ్డల హక్కులు

1973వ సంవత్సరము ఏప్రిల్ మాసమున అఖిలభారత ముస్లిం పర్సనల్ లా బోర్డు మన హైదరాబాదు నగరముననే ఏర్పడినదను సంగతి పాఠకులలో పెక్కుమంది యెఱుగుదురు. అది పుట్టుటకు గల దగ్గరి కారణములలో పిల్లల దత్తత బిల్లు ఒకటి యను సంగతి మాత్రము నేడు మఱుగుపడినది. మతభేదము లేక ఈ దేశమున నెవరైనను బిడ్డను దత్తు తీసికొనవచ్చునని 1972లో కేంద్రప్రభుత్వము పార్లమెంటులో నొక బిల్లును ప్రవేశపెట్టెను. షరియత్తులో దత్తతకు తావు లేదని ముస్లిం పండితులు దాని నెదిరించిరి. ఆ బిల్లు చట్టము కాలేదు. 1980లో ముస్లిములను మినహాయించి మఱియొక బిల్లు తెచ్చిరి. ఈసారి పారసీకులు అభ్యంతరము చెప్పిరి. అదియు చట్టము కాలేదు. పెద్దలు తమ వాదములు తాము చేసికొనిరి. ఈలోపల పాతనగరపు గల్లీలలో బిడ్డలు లేని తల్లులు బిడ్డలను తెచ్చుకొనుట మానిరా? మానలేదు.

శాలిబండనుండి యాకుత్‌పురావఱకు ఏ వీధిలో విచారించినను ఒక్క పెంపుడు బిడ్డయైన లేని వాడ కనబడదు. దక్కనీ భాషలో దీనిని 'గోద్ లేనా' యందురు. అనగా ఒడికి తీసికొనుట. అక్కకు నలుగురు, చెల్లెలికి సంతానము లేదు. అయిదవ కానుపు కాగానే శిశువు చెల్లెలి యింటికి పోవును. వ్రాతకోతలు లేవు. బడిలో పేరు వ్రాయించునపుడు తండ్రి స్థానమున పెంచినవాని పేరు పడును. రేషను కార్డులోను అంతే. ఇరువది యేండ్లు ఎవ్వరును మాటాడరు. పెంచిన తండ్రి కన్నుమూసిన నలువదియవ దినము గడచునో గడవదో, ఆతని సోదరులు వచ్చి ఇల్లు తమదందురు. అప్పుడు పురానీ హవేలీలోని సివిలు న్యాయస్థానమున మొట్టమొదట వెలువడు ప్రశ్న, 'ఈ బిడ్డ యెవరి బిడ్డ?' యనునదే. దానికి ప్రేమ సమాధానము కాదు. రేషను కార్డును కాదు.

హిందువులకు ఈ చిక్కు లేదని తలంచువారు పొరపడుచున్నారు. లాల్‌దర్వాజలోను, ఉప్పుగూడలోను ఉన్న హిందూకుటుంబములలోను ఇట్టి నోటిమాట పెంపకములు కోకొల్లలు. అయినను దత్తత యను సంస్థ హిందూధర్మశాస్త్రమున అనాదిగా నున్నది గనుక, దాని విలువ మన భూస్వాములకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఒక రాజ్యమే దత్తతపై నిలుచుటయు కూలుటయు మన దేశము చూచినది. సంతానము లేక మరణించిన రాజు దత్తు తీసికొన్నను, తమ సమ్మతి లేనిచో అది చెల్లదని డల్‌హౌసీ కాలమున కుంపిణీవారు నిర్ణయించి 1848లో సతారాను, 1854లో ఝాన్సీని కలుపుకొనిరి. ఝాన్సీ గంగాధరరావు తన మరణమునకు ముందు బాలుని దత్తు తీసికొనియుండెను. ఆంగ్ల ఉద్యోగి యెదుటనే ఆ కార్యము జరిగెను. ఐనను ఫలము లేకపోయెను. ఆ అన్యాయము 1857లో ఏ రూపము దాల్చినదో చెప్పనేల? తిరుగుబాటు అణగిన పిదప కానింగు ప్రభువు సంస్థానాధీశులకు సనదు లిచ్చెను. ఆ సనదులలో హిందూరాజులకు దత్తత హక్కును, ముస్లిం ప్రభువులకు షరియత్తు ననుసరించిన వారసత్వమును హామీ యిచ్చిరి. ముస్లిం ధర్మమున దత్తత లేదని ఆనాడు పరదేశి పాలకునకుకూడ తెలిసియే యుండెనన్నమాట.

తెలుగు కుటుంబముల వ్యాజ్యములు ఈ శాస్త్రమును ఎంతగానో పెంచినవి. ఏకైక పుత్రుని దత్తు ఇయ్యవచ్చునా కూడదా యను వివాదము బలుసువారి కుటుంబమునుండి లండనులోని ప్రివీ కౌన్సిలుదాక పోయి, 1899లో చెల్లునని తేలినది. రెడ్లలోను కమ్మవారిలోను గల ఇల్లరికపు టాచారమును మదరాసు హైకోర్టు గుర్తించినది. కాని ఇల్లరికపు టల్లుడు దత్తపుత్రుడు కాడు. అతనికి మామగారి యాస్తిలో భాగమును వచ్చును, కన్నవారి యింట హక్కును పోదు. దత్తపుత్రునకో, కన్నయింటితో బంధము తెగును. ఈ రెంటిని కలిపివేసి దస్తావేజులు వ్రాయించుకొనువారు నేటికిని కలరు. ప్లీడర్లకు వారే పెద్ద బ్రదుకుతెరువు.

1956 డిసెంబరు 21వ తేదీనుండి హిందువుల దత్తతకు ఒకే చట్టము వచ్చినది. ఆడపిల్లను దత్తు తీసికొనుట అప్పటినుండియే చట్టసమ్మతమైనది. అవివాహితకును, వితంతువునకును తమంతట తాము దత్తు తీసికొను అధికారము అప్పుడే కలిగినది. భర్తతో కాపురము చేయు స్త్రీకి మాత్రము 2010 సవరణవఱకు రాలేదు. దత్తు తీసికొనబడు బిడ్డ హిందువై, పదునైదేండ్లు నిండనిదై, పెండ్లి కానిదై యుండవలెను. వయస్సు, వివాహముల విషయమున ఆచారము వేఱుగ నున్నచో నది చెల్లును. కొడుకుగాని, మనుమడుగాని, మునిమనుమడుగాని జీవించియుండగా మగబిడ్డను దత్తు తీసికొనరాదు. పురుషుడు ఆడబిడ్డను, స్త్రీ మగబిడ్డను తీసికొనునపుడు ఇరువదియొక్క యేండ్ల అంతరము వలయును. దత్తహోమము తప్పనిసరి కాదు. తప్పనిసరియైనది ఇచ్చుటయు పుచ్చుకొనుటయు: కన్నవారి చేతులనుండి పెంచువారి చేతులకు బిడ్డ నిజముగా మాఱవలెను. స్టాంపు కాగితముపై సంతకములు చేసికొని, ఆ కార్యము జరుపకపోయినచో కాగితమే మిగులును. ఇరుపక్షములవారు సంతకము చేసిన పత్రమును రిజిస్టరు చేయించినచో, దత్తత సక్రమమేయని న్యాయస్థానము తొలుత ఊహించును. కాదనువాడే రుజువు చేయవలెను. ఈ ఒక్క రిజిస్ట్రేషను ఖర్చునకు వెనుదీసి, తరువాత తరమున పొలములమ్ముకొన్న కుటుంబములు మన జిల్లాలలో లెక్కలేనన్ని.

ఇయ్యదగినవారెవరు? తండ్రి, తల్లి, వారు లేనిచో న్యాయస్థానము అనుమతిచ్చిన సంరక్షకుడు. ప్రసూతి ఆసుపత్రియొద్ద నిలిచి 'ఈ బిడ్డను తల్లి వద్దనినది, తీసికొనిపొండు' అను దలారికి ఆ అధికారము లేదు. అతని చేతినుండి పుచ్చుకొన్నది దత్తత కాదు, క్రయము.

ఇక ముస్లిముల సంగతి. పెంపుడు కొడుకులను వారి కన్నతండ్రుల పేరనే పిలువుడని ఖురానున నున్నది; ప్రవక్త పెంచిన జైద్ వృత్తాంతము దానికి సందర్భము. అనాథను పోషించుట గొప్ప పుణ్యమని ఆ ధర్మమే ఉద్ఘోషించుచున్నది. దీనిని కఫాలా యందురు. బిడ్డ అన్నము, చదువు, పెండ్లి పెంచినవాని భారము. వంశము మాత్రము కన్నవానిది. పాలిచ్చి పెంచినచో పాలసంబంధ మేర్పడి, ఆ యింటివారితో వివాహము నిషిద్ధమగును. ఆస్తి మాత్రము రాదు. పాతనగరపు తల్లులలో దీని నెఱిగి, చెల్లెలి బిడ్డకు తామే చన్నిచ్చినవారును కలరు. పరదా సమస్య తీరును. వారసత్వపు సమస్య తీరదు.

మఱి 'నా కొడుకే' యని తండ్రి ఒప్పుకొన్నచో? ముస్లిం ధర్మమున ఇక్రార్ అను సంగీకారము కలదు. అలహాబాదు హైకోర్టున జస్టిస్ మహమూద్ 1888లో దీనిని విపులముగా చర్చించి, పుట్టుక సందేహాస్పదమైన బిడ్డ విషయముననే అది చెల్లుననియు, అన్యుని బిడ్డయని తెలిసినవానిని కొడుకని ఒప్పుకొన్నంత మాత్రమున కొడుకు కాడనియు తీర్పు చెప్పెను. అందుచేత జనన ధ్రువపత్రమున అబద్ధముగా తండ్రి పేరు వ్రాయించుట రెండు విధముల చెఱుపు: అబద్ధము నేరము, హక్కు శూన్యము. ఉన్న మార్గములు వేఱు. మొదటిది హిబా: బ్రతికియుండగనే దానము చేసి, గ్రహీత అంగీకరింపగా స్వాధీనము చేయుట. రెండవది వసీయత్, అది మూడవవంతునకు మించి, వారసుల సమ్మతి లేక చెల్లదు. ఇంటిలో పెంచినవాడు చివరిదాక కూర్చుండి, స్వాధీనము చేయక దానపత్రము మాత్రము పెట్టెలో దాచిన యెడల, అది పెట్టెలోనే యుండును.

2014 ఫిబ్రవరి 19వ తేదీన శబ్నం హష్మీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చేసిన నిర్ణయము ఈ చీకటిలో తలుపు తెఱచినది. బాలల న్యాయచట్టము క్రింద ఏ మతమువారైనను దత్తు తీసికొనవచ్చునని ధర్మాసనము పలికెను. పర్సనల్ లా బోర్డు అచ్చటకు వచ్చి, కఫాలాయే ముస్లిముల పద్ధతియని వాదించెను. న్యాయమూర్తులు ఇరువురను నొప్పింపని దారి పట్టిరి: ఈ చట్టము ఎవరిని నిర్బంధింపదు, కోరినవారికి వీలు కల్పించును, ఇష్టము లేనివారు తమ ధర్మము ననుసరించుకొనవచ్చును. దత్తత ప్రాథమికహక్కని ప్రకటించుటకు మాత్రము వారు సమ్మతింపలేదు. మాకీ తీర్పు సంతృప్తికరముగనే యున్నది. 1972లోనే ఈ 'కోరినవారికి' అను మాటను బిగ్గరగా చెప్పి, ముస్లిం ప్రజలకు నచ్చజెప్పియుండినచో నలువది యేండ్లు వ్యర్థము కాకుండెడివి. నచ్చజెప్పుటకు ప్రభుత్వము శ్రమపడలేదు; వినుటకు బోర్డును ఓపిక చూపలేదు.

2015 చట్టము ఈ మార్గమును ఇంకను స్పష్టపఱచినది. దత్తత ఉత్తర్వు పొందిన బిడ్డ, వీలునామా లేని వారసత్వముతోసహా సర్వవిషయములలోను పెంచినవారికి పుట్టిన బిడ్డతో సమానమని అందున్నది. షరియత్తు భాగములతో ఇది యెట్లు పొసగునను తర్కము పండితులలో నున్నది. శాసనసభ్యులు దీనిని తేటపఱచుట వారి విధి. అంతవఱకు దత్తత ఉత్తర్వుతోపాటు హిబా కూడ పూర్తిచేసికొనుడని మేము పాతనగరపు పెద్దలకు చెప్పుచున్నాము. ఉత్తర్వు లిచ్చు అధికారము 2022 సెప్టెంబరు 1వ తేదీనుండి న్యాయస్థానమునుండి జిల్లా కలెక్టరుకు మాఱినది. వాయిదాలు తగ్గునని ఆశ. కలెక్టరు బల్లపై ఎన్ని దస్త్రములుండునో యెఱిగినవారము గనుక మా యాశకు హద్దు కలదు.

చట్టపుమార్గము కఠినమైనపుడు దొంగమార్గము సులభమగును. 1999లోను, 2001లోను లంబాడీ తండాలనుండి శిశువులను కొద్దిపాటి సొమ్మునకు కొని, నగరములోని శరణాలయముల ద్వారా దత్తత పేర విదేశములకు పంపిరన్న ఆరోపణలపై కొందరిని నిర్బంధించిరి. విదేశీయుల దత్తతకు 1984లో సుప్రీంకోర్టు లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యమున కట్టుబాట్లు విధించిన పిమ్మటనే ఇది జరిగినది. 2024 మే నెలలో మేడిపల్లి ప్రాంతమున రాచకొండ పోలీసులు పట్టుకొన్న ముఠా ఢిల్లీ, పుణెలనుండి శిశువులను తెచ్చి అమ్మినదట. పదిమందికి పైగా బిడ్డలను కొన్నవారి యిండ్లనుండి తీసికొని శిశువిహారమునకు చేర్చిరి. కొన్నవారు ఆ బిడ్డలకై గొల్లున నేడ్చి న్యాయస్థానముల గుమ్మము లెక్కిరి. వారి కన్నీరు నిజమే. ఆ బిడ్డలను ఏ తల్లియొడినుండి, ఏ వెలకు తెచ్చిరో యను ప్రశ్నయు నిజమే. విధి తప్పి దత్తు తీసికొన్నవారికి మూడేండ్లవఱకు, బిడ్డలను అమ్మినను కొన్నను అయిదేండ్లవఱకు శిక్ష పడుటకు 2015 చట్టమున వీలున్నది. 2025 జూలైలో సికింద్రాబాదులో ఒక సంతానసాఫల్య కేంద్రముపై వచ్చిన ఆరోపణ మఱియు వింతయైనది: అద్దెగర్భమున మీకు పుట్టిన శిశువని దంపతులకు చెప్పి అన్యుల బిడ్డ నిచ్చిరని కేసు పెట్టిరి. డి.ఎన్.ఏ. పరీక్షయే గుట్టు బయటపెట్టినదట.

ఈ పరీక్ష వచ్చినతరువాత పితృత్వశాస్త్రమే కదలినది. వివాహము నిలిచియుండగా, లేదా అది ముగిసిన 280 దినములలోపల, తల్లి మఱల వివాహమాడకుండగా పుట్టిన బిడ్డ, దంపతులకు కలియు అవకాశమే లేకుండెనని రుజువైననే తప్ప, ఆ భర్త బిడ్డయేయని 1872 సాక్ష్యచట్టము చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త సాక్ష్యచట్టమును 116వ సెక్షనులో అదే మాట నిలిపినది. అడిగినంతనే రక్తపరీక్ష కాదని 1993లో సుప్రీంకోర్టు హెచ్చరించినది. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నుండిన నారాయణ దత్త తివారీ విషయమున 2012లో ఢిల్లీ హైకోర్టు పరీక్ష జరిపించి పితృత్వము తేల్చినది. రాజభవనమును రక్తబిందువును ఒకే తక్కెడలో తూచిన ఆ వ్యాజ్యము పిల్లల పక్షమున నొక మేలు చేసినది.

పాతనగరమునకు తక్షణము వలసినది క్రొత్త శాసనము కాదు. 2015 చట్టపు 56వ సెక్షనున బంధువు బిడ్డను బంధువు మతనిమిత్తము లేక దత్తు తీసికొనవచ్చునని వ్రాసియున్నది. పినతల్లి, మేనమామ, మేనత్త, పినతండ్రి, తాత, అవ్వ అందఱును ఆ పట్టికలో కలరు. అక్కబిడ్డను ఒడికి తీసికొన్న చెల్లెలికి ఇంతకన్న సూటియైన దారి లేదు. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితియెదుట అప్పగింపవచ్చును. మనసు మార్చుకొనుటకు రెండునెలల గడువున్నది. ఈ సంగతి మసీదుల ముంగిట, ప్రసూతిశాలల గోడలపై ఉర్దూలోను తెలుగులోను ఎక్కడ వ్రాసియున్నది? దరఖాస్తు కంప్యూటరులో పంపవలెనందురు. చూడీబజారులోని చదువురాని ముసలితల్లికి దానిని నింపిపెట్టువా డెవడు? చార్మినారు మండలమున వారమునకొక దినము కూర్చుండి ఉర్దూ తెలిసిన ఉద్యోగి ఒకడు ఈ పని చేసినను, నిరుడు వరకు నోటిమాటపై పెరిగిన బిడ్డలలో కొందఱికైనను ఈ సంవత్సరము కాగితము దొరకును. కలెక్టరుగారు ఒక బల్ల, రెండు కుర్చీలు మంజూరు చేయవలెనని మా మనవి.