జాజ్ బృందానికి గురువెవరు?

గుడుపల్లెలో నలుగురు కుర్రాళ్లు చేరి జాజ్ బాణీలో వాద్యబృందం పెట్టుకున్నారనుకోండి. మొదటి తగువు ఎక్కడ వస్తుంది? ఎవరి బాణీ పట్టాలన్న దగ్గరే. ఒకడికి ట్రంపెట్ మోజు, ఇంకొకడికి గిటారు మోజు. నలుగురూ నాలుగు రికార్డుల్ని అనుకరించబోతే నెల తిరక్కుండా బృందం చీలిపోతుంది.

అమెరికన్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ 1958లో మద్రాసు వచ్చి, పళని సుబ్రహ్మణ్య పిళ్లై మృదంగంతో కలిసి వాయించాడు. 1959లో ఆయన బృందం 'టైమ్ ఔట్' రికార్డు ఇచ్చింది. అందులోని 'టేక్ ఫైవ్'ది అయిదు లెక్కల నడక. మన ఖండచాపులో రెండూ మూడుగా పడేది అక్కడ మూడూ రెండుగా పడుతుంది. అది మన మృదంగం చలవేనని అనబోను గాని, ఖండచాపు ఎరిగిన చెవికి జాజ్ మరీ పరాయిది కాదు.

మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి కర్ణాటక సంగీతమే పట్టుకెళ్లాడు. తరువాత గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించాడు. తన బాణీ తన దగ్గర ఉంది కనుకనే ఆ సరసన నిలిచాడు.

కనుక కుర్రాళ్లూ, నెలకు ఒక్క రికార్డు చాలు. కలిసి కూర్చుని వినండి. ఒకమారు డ్రమ్ములే వినండి, మరొకమారు బాసే వినండి. ఆపైన రికార్డు ఆపి, మీకు వచ్చిన చెక్కభజన పాట నొకదాన్ని ఆ నడకలో వాయించి చూడండి. జాజ్‌కు ప్రాణం అప్పటికప్పుడు పుట్టే కల్పన. మనవాళ్లు మనోధర్మమన్నది అదే. దాన్ని మాత్రం ఎవరి రికార్డులోంచీ అరువు తెచ్చుకోలేం గదా!