బాప్తిస్మపు అంగీల సంరక్షణ



వానలు పడి హంద్రీలో నీళ్ళు పారగానే మా కోడుమూరు పల్లెలలో బాప్తిస్మముల మాట మొదలగును. ఏరు ఎండినయెడల చర్చి ఆవరణలోని సిమెంటు తొట్టిని బోరు నీళ్ళతో నింపుదుము. ఎక్కడైనను సంఘమునకున్న కొద్దిపాటి తెల్ల అంగీలనే అందరును తొడుగుకొందురు. కనుక ఈ నెల వాటిని గూర్చి వ్రాయుచున్నాము.

ఇది చిన్న సంగతి గదా అని కొందరనవచ్చును. తడిసిన పలుచని తెల్లబట్ట ఒంటికి అంటుకొనును. పదిమంది ఎదుట అట్లు లేచి నిలువవలెనని సిగ్గుపడి, విశ్వాసముండియు ఏండ్ల తరబడి వెనుకాడిన అక్కచెల్లెండ్రను మేము చూచియున్నాము. అందుచేత అంగీలు దళసరి నూలు బట్టతో, మెడనుండి పాదములవరకు కుట్టించుడి. అంచు మడతలో చిన్న బరువులు పెట్టి కుట్టినయెడల నీళ్ళలో పైకి తేలవు. ఒడ్డున పెద్ద స్త్రీలు దుప్పట్లు పట్టుకొని సిద్ధముగా నుండవలెను.

ఇక ఉతుకుట. ఏటి బురద అంటిన అంగీకి వెంటనే సబ్బు రుద్దరాదు. బురద పోవువరకు ముందు మంచినీళ్ళలో జాడించుడి. మన బోరు నీళ్ళు చాలచోట్ల చౌడు నీళ్ళు. బిళ్ళ సబ్బు నురుగు రాక, తెట్టుగా బట్టకు పట్టి తెలుపును మసకబరచును. సబ్బుపొడి మేలు. పాత మసక ఉన్నచో నిమ్మరసము కలిపిన నీళ్ళలో కొంతసేపు నానబెట్టి జాడించవచ్చును. బ్లీచింగు పొడి మాటిమాటికి వాడిన నూలు చివికిపోవును. నీలిమందు బాగుగా కరిగిన తరువాతనే ముంచవలెను.

తడి అంగీలను మూటగట్టి ఇంటికి తెచ్చి మరునాటివరకు ఉంచరాదు. బూజు నల్లమచ్చలు పడిన మరి పోవు. ఒకరు విడిచిన తడి అంగీ మరొకరికి తొడిగించిన తామర అంటుకొనును. కాబట్టి ప్రతిసారి ఉతికి, గట్టి ఎండలో ఆరవేసి, ఇస్త్రీ చేసి, పొడి పెట్టెలో కలరా ఉండలతో భద్రపరచుడి.

ఈ పని ఎవరిది? అనేక సంఘములలో పాస్టరమ్మగారిమీదనో, ఒక బీద విధవరాలిమీదనో పడుచున్నది. ఇది న్యాయము కాదు. శిష్యుల పాదములు కడిగిన ప్రభువు బిడ్డలము మనము. యౌవనస్థులును, పురుషులును వంతు వేసికొనవలెను. బాప్తిస్మము పొందువారియొద్ద బట్టల ఖర్చు అడుగవద్దు.

1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన కర్నూలు సీమను కూడ కాల్చిన 1876-78 కరవు వెనువెంటనే జరిగిన సంగతి అది. అంతమందికి తెల్ల అంగీలెక్కడివి? కావున అంగీ లేదని ఎవరిని ఆపవద్దు. ఉన్న అంగీ చూచి ఎవరు సిగ్గుపడకుండునట్లు దానిని కాపాడుడి. బట్టను మనము ఉతుకుదుము, హృదయమును కడుగువాడు ఆయనే.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమెన్.