సూర్య నమస్కారాలు - మన పిల్లల సంకటం

గత నెల జుమా నమాజు తర్వాత ఒక తండ్రి మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. ఆయన కూతురు ఆరో తరగతి చదువుతోంది. బడిలో ఉదయం పూట సూర్య నమస్కారాలు చేయిస్తున్నారట. ‘మిత్రాయ నమః, రవయే నమః’ అంటూ పన్నెండు మంత్రాలను పిల్లలందరూ గట్టిగా పలకాలి. రథసప్తమి రోజున రాగి చెంబుతో సూర్యునికి అర్ఘ్యం కూడా ఇప్పించారట. “మౌల్వీ సాబ్, బిడ్డను బడి మాన్పించమంటారా?” అని అడిగారు. ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు గనుక మా సమాధానం ఇక్కడ రాస్తున్నాము.

మాన్పించవద్దు. ముందుగా ఈ మాట చెప్పాలి. మన ఆడపిల్లల చదువు ఆగిపోవడానికి ఇప్పటికే చాలా సాకులున్నాయి.

ఇక మంత్రాల సంగతి. “అవి సూర్యుని పేర్లే కదా, వ్యాయామమే కదా” అని మనవాళ్లలోనే కొందరు అంటున్నారు. మేము ఒప్పుకోలేము. ‘నమః’ అనడమంటే ఎదుట ఉన్నవారికి ప్రణమిల్లడం. నిష్ఠగా తెల్లవారుజామున లేచి అర్ఘ్యమిచ్చే హిందూ సోదరుణ్ణి అడిగి చూడండి, అది కేవలం కసరత్తు అంటే ఆయనే నొచ్చుకుంటారు. ఆయన ఆరాధనను ఆరాధనగా గుర్తించడమే ఆయనకు మనమిచ్చే గౌరవం. ఆ ఆరాధనలో మనం పాల్గొనలేమన్నది వేరే విషయం.

సూర్యునిపై మనకేమీ వైరం లేదు. దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాకు ‘షమ్స్’ అని సూర్యుని పేరే ఉంది. జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ వేళలన్నీ సూర్యుని నడకను బట్టే నిర్ణయమవుతాయి. అయినా సరిగ్గా సూర్యుడు ఉదయించే క్షణంలో నమాజు చేయవద్దని దైవప్రవక్త (స) వారించారు, ఆ వేళ సూర్యునికి సాష్టాంగపడేవారు ఉన్నారు గనుక. సూర్యునికీ చంద్రునికీ కాదు, వాటిని సృష్టించిన అల్లాహ్‌కు సజ్దా చేయాలని ఫుస్సిలత్ సూరా 37వ ఆయత్ ఆదేశం. అల్లాహ్‌కు చేసే నమాజులోనే ఇంత జాగ్రత్త ఉంటే, సూర్యుణ్ణి సంబోధించే మంత్రం సంగతి వేరే చెప్పాలా!

అలాగని బడి ముందు నినాదాలు చేయడం, ఆ మంత్రాలను ఎగతాళి చేయడం మన పద్ధతి కాదు. ఇతరులు పూజించేవాటిని దూషించవద్దని అన్ఆమ్ సూరా 108వ ఆయత్‌లో స్పష్టమైన నిషేధం ఉంది. మనకు చట్టం ఉంది. ప్రభుత్వ గుర్తింపు గల బడిలో ఆరాధనకుగానీ మతబోధకుగానీ హాజరు కమ్మని ఎవరినీ బలవంతపెట్టరాదనీ, మైనరైతే సంరక్షకుని సమ్మతి కావాలనీ రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. 1986లో కేరళకు చెందిన ముగ్గురు పిల్లలు, యెహోవాసాక్షులు, జాతీయ గీతానికి వినయంగా నిలబడి పాడకుండా ఊరుకున్నందుకు బడి నుంచి తీసేస్తే, సుప్రీంకోర్టు వారి పక్షానే తీర్పు చెప్పింది. నిలబడ్డారు, అమర్యాద చేయలేదు. ఆ తేడాను మన పిల్లలకు చెప్పాలి. 2007 జనవరిలో మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వం బడిపిల్లలతో సామూహిక సూర్య నమస్కారాలు తలపెట్టినప్పుడు కూడా వాటిని తప్పనిసరి చేయరాదని అక్కడి హైకోర్టు అన్నది. 2015లో తొలి అంతర్జాతీయ యోగా దినోత్సవపు ఉమ్మడి కార్యక్రమంలో సూర్య నమస్కారాలను చేర్చనే లేదు.

ఒక చేదు మాట కూడా. మేము ఆ పాపను పిలిచి, సూరయె ఫాతిహా అర్థం చెప్పమన్నాము. చదివింది చక్కగా, అర్థం తెలియదంది. తండ్రి తలవంచుకున్నారు. తప్పు ఆయనదొక్కరిదే కాదు, ముప్పై ఏళ్లుగా పిల్లలకు వల్లె వేయించి పంపిస్తున్న మా వంటి వారిది కూడా. తాను రోజూ పలికే మాటలకే అర్థం తెలియని బిడ్డ ఏ మంత్రాన్ని ఎందుకు పలకకూడదో ఎలా చెప్పగలదు?

ఆ తండ్రి ప్రధానోపాధ్యాయుని పేర ఉర్దూలో ఒక కాగితం రాసుకొచ్చారు. పాప అందరితోపాటు వ్యాయామం చేస్తుందనీ, మంత్రాలప్పుడు, అర్ఘ్యమప్పుడు మౌనంగా నిలబడుతుందనీ అందులో ఉంది. మేము తెలుగులోకి మార్చి ఇచ్చాము. ‘ముతాలబా’ అన్న చోట ‘డిమాండు’ అని రాయకుండా ‘విన్నపం’ అని రాశాము.