తీగ తెగినచో ఏమగును?

పారిశ్రామిక ఆటోమేషను నేర్వవచ్చిన విద్యార్థికి మొట్టమొదట కంప్యూటరు తెరను, దానిమీద రంగురంగుల బొమ్మలుగా కదలాడు పంపులను, వాల్వులను చూపుట నేడు పరిపాటి యైనది. చూడ ముచ్చటయే గాని, తెరతో విద్య నారంభించినవాడు తెర చెప్పినదెల్ల సత్యమని నమ్ముట కలవాటుపడును. ఆ నమ్మకము కర్మాగారమున ప్రమాదహేతువు.

ఈ శాస్త్రము కంప్యూటరుకంటె మిక్కిలి పాతది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు అమర్చిన గవర్నరులో రెండు లోహపుగుండ్లు తిరుగుచు, వేగము హెచ్చినకొలది వెలుపలికి లేచి ఆవిరిదారిని కుదించుచు, వేగము తగ్గగానే క్రిందికి దిగి దానిని విప్పుచు, మనుష్యుని చేయి సోకకయే యంత్రవేగమును అదుపులో నుంచెను. ఫలితమును కొలిచి, కోరినదానితో పోల్చి, భేదమును బట్టి చర్యను సవరించుకొను ఈ ఫీడ్‌బ్యాక్ తత్త్వమే మన యిండ్లమీది నీళ్లట్యాంకులో తేలు బంతియందును, ఉక్కు కర్మాగారపు కొలిమియందును గలదు. అట్టి గవర్నరులు ఒక్కొక్కపుడు నిలుకడ తప్పి ఊగిసలాడుటయు గలదు. ఆ స్థిరత్వ సమస్యను భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ 1868లో గణితముచే విచారించెను.

పిమ్మట విద్యుత్తుచే తెరచుకొని మూసికొను స్విచ్చులైన రిలేల యుగము. కార్ల నమూనా మారినప్పుడెల్ల బీరువాలకొలది రిలేల తీగలు విప్పి మరల బిగించుటతో విసిగిన జనరల్ మోటార్స్ వారు, ప్రోగ్రామును మార్చినంతనే పని మారు సాధనమును 1968లో కోరిరి. డిక్ మోర్లీ బృందము నిర్మించిన మోడికాన్ 084 అట్టి సాధనములలో, అనగా ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలరులలో (పి.ఎల్.సి.), ఆద్యము. దాని లాడర్ భాషను రిలే పటముల పోలికనే కూర్చుటలో గొప్ప వివేకము గలదు: స్క్రూడ్రైవరు పట్టిన ఎలక్ట్రీషియను సైతము దానిని చదువగలుగవలెను గదా!

అయినను ఈ విద్యకు మర్మస్థానము వేఱొకటి. సెన్సారు పంపు సంకేతము సాధారణముగా 4 మొదలు 20 మిల్లీయాంపియర్లు. సున్నతో నారంభింపక 4తో నారంభించుట యేల? తొట్టిలో నీటిమట్టమును కొలుచు సెన్సారును తలపుడు: తొట్టి నిజముగా ఖాళీ యైనపుడు 4 వచ్చును, తీగ తెగినపుడు సున్న వచ్చును. సున్ననే ఖాళీకి గుర్తుగా పెట్టుకొన్నచో, తెగిన తీగను ఖాళీ తొట్టిగా భ్రమించి పంపు దానిలోనికి నీరు నింపుచునే యుండెడిది. ఎమర్జెన్సీ స్టాపు బటనులోనను ఇదే ఆలోచన: అందు విద్యుత్తు నిరంతరము ప్రవహించుచుండును, నొక్కినచో తెగును, కావున తీగ తెగినను యంత్రము ఆగును. లోపమును ముందే ఊహించి, అది సంభవించినపుడు యంత్రము క్షేమమువైపునకే ఒరుగునట్లు అమర్చుట ఈ వృత్తికి ప్రాణము. ప్రోగ్రాము వ్రాయుట దాని తరువాతి మాట.

మన పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. అధ్యాపకులకు నా విన్నపము: ప్రథమ సంవత్సరమున విద్యార్థి చేతికి ఒక రిలేను, ఒక పుష్‌బటనును, ఒక మల్టీమీటరును ఇయ్యుడు, అతడు కూర్చిన సర్క్యూటు చక్కగా పనిచేసిన పిమ్మట, అతడు చూడనపుడు ఒక తీగను ఊడదీసి, లోపమును కనుగొనుమనుడు. మార్కులు దానికే వేయుడు.